జనం లేని ఒడ్డు

తలుపు తీసిన ప్రసన్నకుమార్, గుమ్మంలో పెద్దమ్మ రత్తమ్మను చూసి నిలబడిపోయిన దగ్గర కిందటి వారం ఆగాం. ఆమెను అతను చూసి ఇరవై రెండేళ్ళయింది. ఆమె సంచిలోంచి సగం బయటికి కనబడుతున్న పుస్తకాన్ని మాత్రం రోజూ చూస్తూనే ఉన్నాడు, దాన్ని రాసింది తనే కనుక. కాకినాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ప్రసన్నకుమార్, దొరలు ఈ రేవులో బంగళాలు కట్టుకుని కాపురాలు పెట్టిన నాటి ఫోటోలు పోగుచేసి, రెండేళ్ళ కిందట ‘కాకినాడ తొలి కాపురాలు’ పేరుతో ఒక సంఘం చేత అచ్చు వేయించాడు. శాలువాలు కప్పించుకున్నాడు. ఆదివారం అనుబంధాల్లో తన ఫోటో చూసుకున్నాడు. తను పుట్టి పెరిగిన మత్స్యకారుల వాడ లంగరుపేటకు మాత్రం ఒక్క కాపీ కూడా పంపలేదు. పంపకపోయినా పుస్తకం అక్కడికి చేరింది.

“లోపలికి రమ్మంటావా, ఇక్కడే మాటాడెయ్యమంటావా?” అని నవ్వింది రత్తమ్మ.

అతను గబుక్కున పక్కకి తప్పుకున్నాడు. లిఫ్టు పనిచేయడం లేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీర్చుకుంటూ సోఫా అంచున, చీర సోఫాకి తగలకుండా కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. వెనకాల వచ్చిన ఇరవై ఐదేళ్ళ అమ్మాయి మాత్రం నిలబడే ఉంది.

“ఇది మన పల్లంరాజు కూతురు. దుర్గాశ్రీ. లా చదివింది. ఒక వకీలు గారి దగ్గర జూనియరుగా చేస్తంది,” అంది రత్తమ్మ. పల్లంరాజు ఆమె కొడుకు. ప్రసన్నకుమార్‌కి అన్న వరస. ఒకే చాప మీద పడుకుని పెరిగారు ఇద్దరూ.

“నమస్తే సార్,” అంది దుర్గాశ్రీ.

“సారేంటే? బాబాయి,” అంది రత్తమ్మ.



రత్తమ్మ సంచిలోంచి ముందుగా తీసింది పుస్తకం కాదు, న్యూస్‌పేపర్లో చుట్టి పైన రబ్బరుబ్యాండు వేసిన ఎండుచేపల పొట్లం. “మెత్తళ్ళు. నేనే ఎండబెట్టేను. చిన్నప్పుడు ఇవి కంచంలో లేకపోతే అలిగి లేచిపోయేవోడివి కదా.”

ప్రసన్నకుమార్ రెండు చేతులా అందుకున్నాడు. అందుకున్నవాడు నేరుగా బాల్కనీ తలుపు తీసి, అక్కడున్న వాషింగ్ మెషీన్ మీద పొట్లం పెట్టి, తలుపు గట్టిగా మూసి వచ్చాడు. వెనక్కి తిరిగాక గానీ తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. చేతులు అలవాటు కొద్దీ చేసిన పని అది. బ్యాంకులో పనిచేసే భార్య అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఉన్నా ఆవిడ ఏమీ అనుకునేది కాదు. ఆవిడ ఎన్నడూ అతన్ని పుట్టిన పేట దాచమని అడగలేదు.

“బయటే మంచిదిలే నాయనా. ఇల్లంతా వాసనొస్తది,” అంది రత్తమ్మ, తప్పు తనదే అన్నట్టు.

దుర్గాశ్రీ, అతను మూసిన తలుపు వంక ఒకసారి చూసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంది.

అప్పుడు బయటికి వచ్చింది పుస్తకం. వాన తడి తగలకుండా పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చారు. రత్తమ్మకి చదువు రాదు. అయినా అరవై నాలుగో పేజీ వేలితో వెతక్కుండానే తీసింది. అట్టముక్క ఒకటి గుర్తుగా పెట్టుకుంది. పేజీ నిండా ఫోటో. తెల్లగా మెరిసే ఇసుక, దూరంగా తెరచాపలు దించిన ఓడ, కుడివైపు దొరల గిడ్డంగి గోడ. రత్తమ్మ ఫోటో మీద చెయ్యి పెట్టి, కింది అక్షరాల వంక చూడకుండా అప్పజెప్పింది.

“పద్దెనిమిది వందల ఎనభై ఏడులో రేవు దక్షిణపు ఒడ్డు. అప్పటికి ఇక్కడ జనావాసం లేదు. దొరల రాకతోనే ఈ ఇసుక పర్ర ఊరుగా మారింది.” ఆగి అడిగింది. “ఒక్క ముక్కైనా తప్పిపోయిందా?”

“లేదు పెద్దమ్మా.”

“దీనిచేత పదిసార్లు చదివించుకున్నాను.”

ప్రసన్నకుమార్ తల వంచుకున్నాడు. తండ్రి సముద్రం మీద పోయాక, మరుసటేడే తల్లి జ్వరంతో పోతే, అతన్ని చదివించింది ఈ పెద్దమ్మే. చేపల గంప దించి, చేతులు కడుక్కుని, పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరీ అతని చేత పాఠాలు అప్పజెప్పించుకునేది. అతను తడబడితే తప్పు చెప్పాడని ఆమెకి తెలిసిపోయేది. ఇవాళ ఆమె అతని వాక్యాలు తడబడకుండా చెప్పింది.

“సంగతేంటంటే,” అని రత్తమ్మ మనవరాలి వైపు చూసింది, “నువ్వు చెప్పవే. నాకు కోర్టు మాటలు రావు.”

దుర్గాశ్రీ చెప్పింది. రేవు పక్కన ఒడ్డంతా తీసుకుని రిసార్టు కట్టాలని ఒక కంపెనీ వచ్చింది. లంగరుపేట వాళ్ళు ఎప్పుడో ఒక తుఫాను తర్వాత ఎక్కడినుంచో వచ్చి ఆ నేల ఆక్రమించుకున్నారని, ఖాళీ చేయించాలని పిటిషన్ వేసింది. సోమవారం విచారణ.

“ఆధారాల్లో మొదటిది మీ పుస్తకమే సార్. అరవై నాలుగో పేజీ. ఇంకో మాట కూడా రాశారు. ఈ రచయిత స్వయానా లంగరుపేటలో పుట్టినవాడు, సొంత మనుషుల గురించి అబద్ధం రాయవలసిన అవసరం ఆయనకి లేదు, కాబట్టి ఆయన మాటకి విలువ ఎక్కువ అని.”

ప్రసన్నకుమార్‌కి చెవులు వేడెక్కాయి. మీది ఏ ఊరండీ అని ఎవరు అడిగినా ‘జగన్నాథపురం వైపు’ అని చెప్పి మాట మార్చేసే మనిషి అతను. పాతికేళ్ళుగా అంతే. కాలేజీ స్టాఫ్‌రూములో చేపల మార్కెట్ మీద ఎవరైనా జోకు వేస్తే అందరికన్నా ముందు నవ్వింది కూడా అతనే. తీరా చూస్తే ఎవరి దగ్గరా ఏదీ దాగలేదు. తెలిసి కూడా అతని ఎదుట ఊరుకున్నారు, అంతే.

“పేటలో నిన్ను తిట్టనోళ్ళు లేరు,” అంది రత్తమ్మ. “పల్లంరాజైతే ఆడి పేరు నా ఇంట్లో ఎత్తొద్దన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆడు పొరపాటు పడ్డాడు, ఆ ఫోటో తీసినోడు మన ఇళ్ళు కనబడకుండా తీసుంటాడు, కనబడకపోతే ఆడు మాత్రం ఏం చేస్తాడు అన్నాను. అంతే కదరా?”

నిజం చెప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి ఎవరూ వేసి ఇవ్వరు. కాదు పెద్దమ్మా అంటే సరిపోయేది. ఆ రెండు మాటలూ అతని నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆమె కళ్ళలో తన మీద అంత నమ్మకం కనబడుతుంటే, దాన్ని పోగొట్టుకునే ధైర్యం చాలలేదు.

“అంతే పెద్దమ్మా,” అన్నాడు. “ఆల్బంలో ఉన్నది అంతే.”

“చూసేవా, నే చెప్పలేదూ,” అంది రత్తమ్మ మనవరాలితో. ఆమె ముఖం విప్పారింది. దుర్గాశ్రీ తల వంచుకుని సంచి జిప్పు లాగి, మళ్ళీ తీసి, మళ్ళీ లాగింది.

“అయితే సోమవారం వచ్చి ఆ ముక్కే చెప్పు. ఫోటోలో లేకపోతే మనుషులు లేనట్టు కాదు, మా తాతలూ ముత్తాతలూ అక్కడే ఉన్నారు, నేనక్కడే పుట్టేను అని. నీ మాటకి విలువుందని ఆళ్ళే రాసుకున్నారు కదా.”

“పరీక్షలు జరుగుతున్నాయి పెద్దమ్మా. చూస్తాను.”

“చూడు నాయనా.” లేచి, వెళ్ళబోతూ అతని తల నిమిరింది. “జుట్టంతా నెరిసిపోయిందేంట్రా అప్పుడే.”

వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ ప్రసన్నకుమార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒక అంతస్తు, రెండు అంతస్తులు. చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తలుపు వేయబోతుంటే పైకి వస్తున్న అడుగులు వినిపించాయి. ఈసారి ఒక్క మనిషివే, వేగంగా.

దుర్గాశ్రీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. “మామ్మని కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాను. ఆవిడ ముందు అడగడం ఇష్టంలేక ఊరుకున్నాను,” అంటూ చేతిలోని పుస్తకం తెరిచింది. “ఇక్కడ ఎడమ అంచున చూడండి. ఆరేసిన వల ఉంది. సగం వల. ఇసుక మీద దాని నీడ కూడా సగంలోనే ఆగిపోయింది. వల సగానికి ఎవరూ ఆరెయ్యరు సార్.”

అతను పుస్తకం వంక కాకుండా మెట్ల వంక చూశాడు.

“నిన్న విజయ్ పాల్ గారింటికి వెళ్ళాను,” అంది ఆమె.

విజయ్ పాల్ రిటైరైన బడి మాస్టారు. ఆయన ముత్తాత దొరల ఓడల కంపెనీలో గుమాస్తాగా చేసినవాడు. దొర సొంత దేశానికి వెళ్ళిపోతూ తన ఫోటోల ఆల్బం ఆ గుమాస్తాకి ఇచ్చి వెళ్ళాడు. నాలుగు తరాలు దాచిన ఆ ఆల్బంని విజయ్ పాల్ గారు వారం రోజుల పాటు ప్రసన్నకుమార్ చేతిలో పెట్టారు, ఒక్క కాగితం కూడా రాయించుకోకుండా.

“పుస్తకం విడుదలైన రోజే ఆయన చూశారట. అడిగితే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నారట. అలా ఊరుకోవడం నాదీ తప్పేనమ్మా అని చాలా బాధపడ్డారు. ఫోటో తీసుకోనిచ్చారు.”

ఆమె ఫోన్ అతని ముందుకి చాపింది. అదే ఇసుక, అదే ఓడ. వాటికి ఎడమవైపు, పుస్తకంలో కాగితం అయిపోయిన చోట, తాటాకు ఇళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి. ఇళ్ళ మధ్య వలలు, బోర్లించిన నావలు. ముందువైపు నెత్తిన గంపతో ఒకామె నిలబడి కెమెరా వంక సూటిగా చూస్తోంది. ఫోటో కింద సిరాతో దొర స్వయంగా రాసుకున్న ఇంగ్లీషు వాక్యం ఒకటుంది. దుర్గాశ్రీ దాన్ని తెలుగులో చదివింది.

“మేము వచ్చేసరికి ఇక్కడ ఉన్నవాళ్ళు.”

మెట్ల మీద ఎవరో పైఅంతస్తుకి వెళ్తూ నమస్కారం మాస్టారూ అన్నారు. ప్రసన్నకుమార్ అలవాటుగా తల ఊపాడు.

“ఇది చూసే వచ్చావా?” అన్నాడు. “చూసి కూడా, నేను అబద్ధం చెప్తుంటే ఊరుకున్నావా?”

“మీరు చెప్పరేమో అనుకున్నాను. మామ్మ మీ గురించి చెప్పినవన్నీ వింటూ పెరిగాను కదా.” ఆమె చేతిలోని పుస్తకం మూసింది. “ఎవరు కొయ్యమన్నారు? కంపెనీవాళ్ళా?”

“అప్పటికి ఏ కంపెనీ లేదు.”

“మరి?”

“ఎవరూ అడగలేదు.”

అది నిజం. పేజీలు కూర్చిన తబిత అనే అమ్మాయి పైగా వద్దంది. ఎడమవైపు ఇళ్ళు చాలా బాగా వచ్చాయి సార్, ఉంచుదామా, రెండు పేజీలకి పరిస్తే నిండుగా ఉంటుంది అంది. అవసరం లేదమ్మా, ఒక్క పేజీ చాలు అన్నాడు అతను. ఆమె మౌస్ తీసుకుని తనే గీత జరిపాడు. ఒక్కో ఇల్లూ తెర అంచు దాటిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆ గంప నెత్తిన పెట్టుకున్న ఆమె అందరికన్నా ఆఖరున పోయింది.

“ఆమె అచ్చం మా అమ్మలా నిలబడి ఉంది,” అన్నాడు. “పుస్తకం విడుదల సభలో ఆ ఫోటో తెర మీద వేస్తారు. ఎవరో ఒకరు వీళ్ళెవరండీ అని అడుగుతారు. నేను చెప్పాలి. ముందు వరసలో మా కాలేజీ చైర్మన్ గారు, ఊళ్ళో పెద్దవాళ్ళు అందరూ ఉంటారు. వాళ్ళ ముందు మావాళ్ళు అనలేను. కాదనీ అనలేను. ఫోటోలో వాళ్ళే లేకపోతే అడిగేవాడే ఉండడనుకున్నాను. కోశాక కింద ఏదో ఒకటి రాయాలి కదా, అది రాశాను.”

చెప్తుంటే అతనికే ఎంత చిన్న కారణం ఇది అనిపించింది. ఇంత చిన్నదానికి ముప్పైకి పైగా ఇళ్ళు తీసేశాడు.

దుర్గాశ్రీ ఫోన్ వెనక్కి తీసుకుంది. “సోమవారం ఇది మేం దాఖలు చేస్తాం. ఎవరో ఏదో మార్చి తెచ్చిన ఫోటో అంటారు వాళ్ళు. నేనే కోశానని మీరు చెప్తే తప్ప నిలవదు. చెప్తారా?”

“చెప్తాను.”

“అయితే ముందు విచారణలో కాదు. కింద కూర్చున్నావిడకి చెప్పండి.”

మూడంతస్తుల మెట్లు దిగడానికి ప్రసన్నకుమార్‌కి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. రత్తమ్మ వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, వీధిలో వెళ్తున్న ఆటోలు చూస్తోంది. అతన్ని చూసి లేవబోయింది. వద్దని చెయ్యి ఊపి, అతను ఆమె ముందు ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు.

“పెద్దమ్మా, నేను పొరపాటు పడలేదు,” అన్నాడు. “ఫోటోలో మన పేట ఉంది. నేనే కోసేశాను.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. “కొయ్యడమేంట్రా?”

అతను మొదటినుంచి చెప్పాడు. ఏదీ మిగల్చలేదనే అనుకున్నాడు. రత్తమ్మ అడ్డు రాకుండా విన్నది. అతను ఏడుస్తాడేమోనని దుర్గాశ్రీ అటు తిరిగింది గానీ అతనికి ఏడుపు రాలేదు. ముఖం దాచుకోవడానికి కూడా చోటులేని సిగ్గు అది.

“మేమంటే నీకంత నామోషీ అని నాకు తెలవదురా,” అంది చివరికి రత్తమ్మ. కోపం లేదు గొంతులో. నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది. “నీకు ముద్దలు కలిపి పెట్టినప్పుడు కూడా నా చేతులకి ఆ వాసనే కదా ఉండేది. మరి అప్పుడెలా తిన్నావు?”



రత్తమ్మ మనవరాలి వైపు చెయ్యి చాపింది. “ఏదీ, చూడనీ.”

దుర్గాశ్రీ ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి ఇచ్చింది. రత్తమ్మ కళ్ళు చికిలించి, తెరని దూరంగా పట్టుకుని చూసింది. “ఎన్నిళ్ళున్నాయే?”

“ముప్పై ఒకటి మామ్మా.”

“వలలు చూడు, ఎండకి అడ్డంగా కట్టేరు. మా అత్త అలాగే కట్టేది. నాకూ అలాగే నేర్పింది.” వేలు గంప ఆమె దగ్గర ఆగింది. వేలు తగలగానే బొమ్మ జరిగిపోతే కంగారుపడింది. దుర్గాశ్రీ మళ్ళీ సరిచేసింది. “ఈవిడెవరో గానీ, అంత దొర ఎదురుగా నిలబడి బొమ్మ తీస్తుంటే తల వంచుకోలేదు.”

ఆ మాట తనని ఉద్దేశించి అన్నది కాదని ప్రసన్నకుమార్‌కి తెలుసు. ఆమెకి దెప్పడం చేతకాదు. అందుకే ఇంకా లోతుగా దిగింది.

“సోమవారం వస్తాను పెద్దమ్మా. అందరి ముందూ చెప్తాను.”

“చెప్పేక అప్పుడు చూద్దాంలే,” అంది రత్తమ్మ. క్షమించానని అనలేదు. అయినా లేచి నిలబడడానికి అతని భుజమే పట్టుకుంది. ఆ బరువు భుజం మీద పడగానే, ఇన్నేళ్ళకి తను ఎవరికో ఆసరాగా ఉన్నట్టు అనిపించింది అతనికి.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. పుస్తకం అచ్చు వేయించిన సంఘం కార్యదర్శి రమేష్ బాబు. ఆ మనిషిది ఎప్పుడూ పెద్ద గొంతే. మెట్ల కింద ఇరుకు జాగాలో ప్రతి మాటా ముగ్గురికీ వినబడింది.

“మాస్టారూ, సోమవారం తొమ్మిదింటికి మీ ఇంటికి కారు వస్తుందండి. కంపెనీ లాయరు గారు ఇవాళే మిమ్మల్ని సాక్షిగా పెట్టారు. మీరేం కంగారుపడకండి, ఒకటే ప్రశ్న. ఆగస్టులో మీరు సంతకం పెట్టి ఇచ్చిన అఫిడవిట్ చూపించి, ఇది మీరిచ్చిందేనా అంటారు. అవునండి అంటే చాలు.”

లైను కట్టయింది. ప్రసన్నకుమార్ ఫోన్ చెవి దగ్గరినుంచి తీయలేదు. ఆగస్టు నెల, స్టాఫ్‌రూము, టీ కప్పు పక్కన రెండు కాగితాలు. రెండో ముద్రణ కోసమని రమేష్ బాబు అన్నాడు. కానీ రెండో కాగితంలో మూడో వాక్యం అతను రెండుసార్లు చదివాడు. ‘అరవై నాలుగో పేజీలోని ఫోటోలో ఏ భాగమూ తొలగించలేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.’ చదివి, పెన్ను అడిగి తీసుకుని మరీ సంతకం పెట్టాడు.

“అఫిడవిట్టా?” అంది దుర్గాశ్రీ. ఆమె ముఖంలో రంగు పోయింది. “ప్రమాణం చేసి ఏమని రాసిచ్చారు?”

రత్తమ్మ ఈసారి అతని తరఫున ఏమీ అనలేదు. అతని భుజం మీదనుంచి చెయ్యి తీసేసి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా మళ్ళీ కూర్చుంది.

“చెప్పు,” అంది.